కపాలమూల శస్త్రచికిత్సయందు ఘ్రాణరక్షణము
(స్మారకోపన్యాస పాఠము)



తన పేరు ఏ శిలాఫలకముపైనను చెక్కింపవలదని జీవితకాలమంతయు వారించుచు వచ్చిన మహనీయులు, కీర్తిశేషులైన మా ఆచార్యుల స్మృత్యర్థము ప్రసంగింపవలసి వచ్చినప్పుడు, ఆయన గుణకీర్తనమునకంటె ఆయనకు ప్రియమైన విషయమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుటయే ఉచితమని తలంచి, ఘ్రాణరక్షణమును నేటి ప్రసంగవిషయముగా స్వీకరించితిని. చెవి, ముక్కు, గొంతు వ్యాధుల వైద్యమును మాకు బోధించునప్పుడు ఆయన, ముక్కు జబ్బుతో వచ్చిన ప్రతి రోగిని తప్పక అడుగవలసిన ప్రశ్నగా మాకు నేర్పినది, “వాసన తెలుస్తోందా?” అనునది. ఊపిరి ఆడుచున్నదా యని అడుగువారు పెక్కుమంది. వాసన సంగతి విచారించువారు అరుదు. ముక్కులోనుండి ఎండోస్కోపుతో మెదడు అడుగుభాగమువఱకు పోయి శస్త్రచికిత్స చేయుట పెద్ద ఆసుపత్రులలో నిత్యకృత్యమైన ఈ కాలమున, ఆ ప్రశ్నయొక్క విలువ మునుపటికంటె అనేకరెట్లు పెరిగినదని నా దృఢవిశ్వాసము.

ఇంద్రియములలో ఘ్రాణమునకు లభించిన గౌరవము దేశకాలములనుబట్టి మారుచు వచ్చినది. న్యాయవైశేషిక దర్శనకారులు గంధమును పృథివికి విశేషగుణముగా నిర్ణయించి, ఆ గుణమును గ్రహించు ఇంద్రియమును పార్థివమని చెప్పి, తమ పదార్థవిచారణలో దానికొక స్థిరమైన స్థానము నొసగిరి. జర్మను తత్త్వవేత్తయగు ఇమ్మాన్యుయేల్ కాంట్ 1798లో ప్రకటించిన మానవశాస్త్ర గ్రంథమున, ఇంద్రియములన్నింటిలోను లేకున్నను గడచిపోవునది ఘ్రాణమేయని తీర్మానించెను. ఆధునిక వైద్యము చిరకాలము కాంట్ తీర్మానమునే, చదివియో చదువకయో, శిరసావహించినది. మన దేశమున 2016లో వెలువడిన దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను పేర్కొన్నను, వాసన తెలియకపోవుట వానిలో చేరలేదు. 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చి, లోకమున లక్షలాది జనులకు ఒక్కసారిగా వాసన పోగొట్టినపిమ్మట గాని, కాఫీ కాఫీవలె లేకపోవుట యెట్టి దుఃఖమో సామాన్యజనులకును, సామాన్యవైద్యులకును తెలిసిరాలేదు.

రుచి యని మనము చెప్పుకొనునదానిలో అధికభాగము వాసనయే. ఆహారమును నమలునప్పుడు దాని పరిమళము గొంతు వెనుకభాగమునుండి ముక్కులోనికి ఎగసి, అచ్చటి నాడులను తాకును. ఆవకాయలోని ఉప్పును, పులుపును నాలుక చెప్పును. కారపు మంటను వేఱొక నాడి చెప్పును. అది ఆవకాయయని చెప్పునది మాత్రము ముక్కు. వాసన పోయినవాడు తిండిపై విరక్తుడగును, లేదా ఉప్పుకారములను అతిగా వేసికొనును. మరియు వంటగ్యాసుకు స్వతస్సిద్ధమైన వాసన లేదు గనుక, అది కారినప్పుడు ఇంటివారు పసికట్టుటకై దానిలో మెర్కాప్టాన్ అను దుర్గంధద్రవ్యమును బుద్ధిపూర్వకముగా కలుపుదురు. ఆ రక్షణోపాయమంతయు ఇల్లాలి ముక్కును నమ్ముకొని యేర్పడినది.

ఇక ఈ ఇంద్రియము ఎచ్చట నున్నదో చూతము. గాలి పోవు మార్గమును, వాసన గ్రహించు స్థలమును ఒక్కటి కావు. ముక్కు పైకప్పునందును, ముక్కు దూలమని వాడుకలో చెప్పుకొను నడిమి గోడయొక్క పైభాగమునందును, దానికెదురుగా ప్రక్కగోడనుండి వ్రేలాడు ఎముకల మడతలలో అన్నిటికంటె పైదానియందును, కొంతవఱకు నడిమి మడతయందును వ్యాపించిన కొద్దిపాటి పొరయే ఘ్రాణేంద్రియము. ఆ మడతలకే టర్బినేట్లని పేరు. కుడియెడమల రెంటను కలిపి చూచినను ఆ పొర విస్తీర్ణము కొద్ది చదరపు సెంటీమీటర్లకు మించదు. అందలి నాడీకణములు తమ సూక్ష్మకేశములను బయటి గాలి తగులు జిగురులోనికి చాచి, రెండవ కొసనుండి సన్నని తంతువులను పైకి పంపును. ఆ తంతువులు జల్లెడ ఎముకలో ఒక్కొక్క ప్రక్క ఇరువదివఱకు గల రంధ్రములగుండ దూరి, మెదడు క్రిందనున్న ఘ్రాణకందమును చేరును. మనుష్యునియందు ఇంచుమించు 400 రకముల గంధగ్రాహకములు పనిచేయుచున్నవి. ఇట్టి గ్రాహకముల జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనువారు 1991లో కనుగొని, తత్ఫలితముగా 2004లో నోబెల్ బహుమానము నందిరి.

ఈ నాడీకణముల కొక అద్భుతమైన శక్తి కలదు. మెదడులోని నాడీకణములు సామాన్యముగా ఒకసారి నశించిన మరల పుట్టవు; ఘ్రాణకణములు మాత్రము పొర అడుగుననున్న మూలకణములనుండి జీవితాంతము క్రొత్తగా పుట్టుచునే యుండును. శస్త్రవైద్యునకు ఇది యొక వరమును, ఒక హెచ్చరికయును. అడుగుపొర నిలిచియున్నచో, వాచి, కమిలి, తాత్కాలికముగా చచ్చుబడిన ఘ్రాణము కొన్ని మాసములలో తిరిగి రావచ్చును. అడుగుపొరయే కాలిపోయినచో, లేదా కోసి పారవేయబడినచో, ఆ స్థలమున మచ్చ కట్టును, లేక వాసన నెరుగని సామాన్యపు పొర వచ్చి కప్పును. అట్టిచో ఏ మందును దానిని మరల తేజాలదు.

ఇక శస్త్రవైద్యులు ఈ మార్గమునకు వచ్చిన విధమును చూతము. ముక్కు శిరస్సునకు ద్వారమని వాగ్భటాచార్యులు నస్యచికిత్సా సందర్భమున చెప్పిరి. పురాతన ఈజిప్టువారు మృతకళేబరములను భద్రపఱచునప్పుడు ఈ ద్వారముననే కొంకితో మెదడును వెలికి తీసెడివారు. జీవించియున్న మనుష్యుని విషయమున ఈ మార్గమును మొదట సఫలముగా త్రొక్కినవాడు హెర్మన్ ష్లోఫర్. 1907 మార్చి 16వ తేదీన ఇన్స్‌బ్రుక్ నగరమున ఆయన, ముక్కును ఒక ప్రక్కకు తిరుగదీసి, నడిమి గోడను, టర్బినేట్లను తొలగించి, ముక్కు వెనుకనున్న స్ఫీనాయిడ్ కుహరముగుండ, మెదడు క్రిందనున్న పీయూషగ్రంథియందలి కణితిని చేరెను. ఆ దినములలో రోగి బ్రతికి బయటపడుటయే మహాభాగ్యము. ఘ్రాణమును గూర్చి విచారించు అవకాశము ఎవరికిని లేదు. పిమ్మట వియన్నాలో ఆస్కార్ హిర్ష్ నాసారంధ్రమునుండియు, అమెరికాలో హార్వే కుషింగ్ పైపెదవి క్రిందనుండియు ఆ గ్రంథిని చేరు మార్గములను సంస్కరించిరి. కుషింగ్ స్వయముగా 1920ల చివర ఈ మార్గమును విడిచి, కపాలమును తెరచు పద్ధతివైపు మొగ్గెను. లోకమంతయు ఆయనను అనుసరించెను. ఎడింబరోలో నార్మన్ డాట్ మాత్రము ఆయనయొద్ద నేర్చినదానిని విడువక కాపాడి, పారిస్ నగరవాసియగు జెరార్ గియో కందించెను. గియో శిష్యుడైన జూల్ ఆర్డీ 1960లలో మాంట్రియల్‌నందు సూక్ష్మదర్శిని సాయముతో దానికి పునర్జన్మ ప్రసాదించెను. ఒక విద్య ఒక్క మనుష్యుని పట్టుదలపై ఆధారపడి నిలిచిన ఘట్టములు వైద్యచరిత్రలో ఇంతకంటె స్పష్టముగా కానవచ్చునవి కొన్నియే.

హెరాల్డ్ హాప్కిన్స్ అను ఆంగ్ల భౌతికశాస్త్రజ్ఞుడు రూపొందించిన కటక వ్యవస్థ ఎండోస్కోపును నిజమైన నేత్రముగా చేసినది. ఆ నేత్రముతో గ్రాజ్ నగరమున మెస్సర్‌క్లింగర్ ముక్కులోని శ్లేష్మప్రవాహమును పరిశీలించి, సైనస్ చికిత్సకు క్రొత్త శాస్త్రమును నిర్మించెను. పిట్స్‌బర్గ్‌నందు జో, కరావ్ అనువారు 50 మంది రోగులకు కేవలము ఎండోస్కోపుతోనే పీయూషగ్రంథి శస్త్రచికిత్స చేసిన అనుభవమును 1997లో ప్రకటించిరి. అనంతరము పీయూషగ్రంథి దాటి, ముందు జల్లెడ ఎముక మొదలుకొని వెనుక మెడయెముకల పైకొసవఱకు, కపాలమూలమంతయు ముక్కునుండియే అందునదైనది. కాని అంత పెద్ద రంధ్రము చేసినపిదప, మెదడు చుట్టునుండు మస్తిష్క మేరుద్రవము ముక్కులోనికి కారకుండ దానిని మూయుట యెట్లు? దీనికి సమాధానము అర్జెంటీనా వైద్యులగు హదాద్, బస్సాగస్తేగీయులనుండి వచ్చినది. ముక్కు నడిమి గోడమీది శ్లేష్మపొరను, దాని వెనుక రక్తనాళము తెగకుండ, ఒక పెద్ద రెక్కగా లేపి ఆ రంధ్రముపై కప్పు విధానమును 2006లో లోకము చదివినది. పెద్ద రంధ్రములు చేయవలసిన సందర్భములలో ద్రవము కారుట, నూటికి ఇరువదికి పైబడియుండినది, ఇంచుమించు అయిదునకు దిగివచ్చినది. మెదడుపొరల వాపు సోకి మరణింపవలసిన ఎందఱో ఆ రెక్క చలువన బ్రతికిరి.

ఘ్రాణమునకు చిక్కు ఇచ్చటనే వచ్చినది. ఆ రెక్కను లేపు గోడమీదనే, పైభాగమున, ఘ్రాణపు పొర యున్నది. వైద్యుని దృష్టియంతయు లోపలి కణితిపై నుండును. ముక్కు అతనికి కేవలము దారి. ఇతరుల ఇంట పెరటిబావికి పోవువాడు వారి దేవతార్చన గదిలోనుండి చెప్పులతో నడచిపోవుట యెట్టిదో, ఈ దారిని లక్ష్యపెట్టక పోవుట యట్టిది.

కొంతకాలము క్రిందట పెండ్లివంటలు చేయించు ఒక మేస్త్రీ నా యొద్దకు వచ్చెను. వేఱొకచోట అతని పీయూషగ్రంథి కణితిని ముక్కునుండి తొలగించిరి. మూసికొనిపోవుచున్న చూపు నిలిచినది. చికిత్స సఫలమని కాగితములలో వ్రాసియున్నది, అది సత్యమే. “చూపొచ్చిందండి, ఆ డాక్టర్ల దయ. కానీ పోపు వేగిందో మాడిందో పక్కవాణ్ణి అడగాల్సొస్తోందండి,” అని అతడు చెప్పుకొనెను. ఎండోస్కోపుతో చూడగా నడిమి గోడ పైభాగము పూర్తిగా మచ్చగట్టి, పై టర్బినేటు రెండు ప్రక్కలను లేకపోయెను. ఆపరేషనుకు ముందు అతనికి వాసన ఎంతవఱకు తెలియుచుండినదో ఆ కాగితములలో ఒక్క ముక్కయు లేదు. తన జీవనోపాధికి మూలమైన ఇంద్రియమునకు అపాయము కలుగవచ్చునని ముందుగా తనతో ఎవరును చెప్పలేదని అతడనెను. అది తప్పనిసరి నష్టమా, తప్పింపదగిన నష్టమా యని నేను నిర్ణయింపజాలను. ముందటి కొలత లేనిదే ఎవరును నిర్ణయింపజాలరు.

తప్పింపదగిన నష్టమును తప్పించు ఉపాయములు ఇప్పుడు మనకు తెలిసియే యున్నవి. వానికి విలువైన యంత్రములు అక్కఱలేదు. శ్లేష్మపు రెక్కను లేపునప్పుడు పైకోతను నడిమి గోడ శిఖరమునకు ఒకటి రెండు సెంటీమీటర్లు క్రిందుగా వేసి, ఆ పై పట్టెను తాకక విడువవలెను. వెనుకభాగమున స్ఫీనాయిడ్ కుహరపు సహజద్వారమును గుర్తుగా నుంచుకొని, దానికి దిగువనే కోతను నడుపవలెను. ఆ పైకోతకు కాటరీ యను, విద్యుత్తుతో కాల్చు సూదికంటె చల్లని కత్తి మేలు. కాటరీ వేడిమి తాను తాకినచోటనే ఆగక చుట్టునున్న పొరలోనికి వ్యాపించును, అడుగుపొరకు అగ్నియే పరమశత్రువు. రక్తస్రావమునకు వెఱచి కాటరీని ఆశ్రయించుట సహజమే. కాని మందులో తడిపిన దూదితో కొంతసేపు ఓపికపట్టి అదిమినచో చాలసందర్భములలో రక్తము నిలుచును. పై టర్బినేటును కోయక తప్పనిచో క్రిందిభాగమును మాత్రము కోయవలెను. నడిమి టర్బినేటును ప్రక్కకు ఒత్తుటతో పని జరుగునప్పుడు దానిని సమూలముగా తీసివేయు అలవాటును మానవలెను. పీయూషగ్రంథి కణితులలో పెక్కింటికి ద్రవము కారకయే పని ముగియును గనుక, పెద్ద రెక్కను మొదటనే లేపక, వెనుకభాగమున కొంచెము విడదీసి రక్తనాళమును భద్రపఱచి యుంచి, అవసరము పడినప్పుడే పూర్తిగా లేపుట యుక్తము.

శస్త్రమునకు ముందు తీయు స్కానింగునందు జల్లెడ ఎముక యెంత లోతుననున్నదో చూచుటయు ఈ జాగ్రత్తలలోనిదే. జాగ్రెబ్ నగరపు కెరోస్ 1962లో ఆ లోతును మూడు తరగతులుగా విభజించెను: 1 నుండి 3 మిల్లీమీటర్లు, 4 నుండి 7, 8 నుండి 16. మూడవ తరగతికి చెందినవారిలో ప్రక్కగోడ మిక్కిలి పలుచనై, పొరపాటున సాధనము తగిలినను చిల్లిపడు ప్రమాదము కలదు. ఘ్రాణతంతువులును ఆ ప్రక్కనే యున్నవి.

ఘ్రాణమును త్యజింపక తప్పని సందర్భములును కలవని ఒప్పుకొనవలెను. బెర్జే, లుక్, రిషార్ అనువారు 1924లో మొదట వర్ణించిన ఘ్రాణనాడి క్యాన్సరు ఆ పొరయందే పుట్టును గనుక, దానిని తొలగించుటయన్న ఘ్రాణమును తొలగించుటయే. అది ఒక ప్రక్కకే పరిమితమైయున్నచో, ఎన్నికచేసిన రోగులలో రెండవ ప్రక్కను విడిచి శస్త్రచికిత్స చేయు ప్రయత్నములు జరుగుచున్నవి. ప్రాణరక్షణకు భంగము రానంతవఱకు నే నా ప్రయత్నముల పక్షమున నుందును, వచ్చునెడల ఉండను. జల్లెడ ఎముకపై, మెదడుపొరలనుండి పెరుగు మెనింజియోమా కణితుల విషయము వేఱు. అవి ఏండ్ల తరబడి మెల్లగా పెరుగుచు ఘ్రాణతంతువులను నలిపివేయును. రోగికి వాసన పోయినట్లే తెలియదు. ఒకవైపు వాసన పోవుట, ఆ వైపే కంటినాడి పాలిపోవుట, రెండవ కంట నాడి ఉబ్బుట అను మూడు గుర్తులను కలిపి 1911లో ఫాస్టర్ కెనడీ వర్ణించెను. కంటిడాక్టరు గాని, మానసికవైద్యుడు గాని “వాసన తెలుస్తోందా?” అని ఒక్కమాట అడిగియున్నచో ఎంతో ముందుగా బయటపడదగిన కణితులు ఇవి. అట్టి కణితికి ముక్కుగుండ పోయినచో జల్లెడ ఎముకనే తీయవలసియుండును; కావున వాసన ఇంకను మిగిలియున్న రోగికి పైనుండి కపాలమును తెరచు మార్గమే మేలా యని ఆలోచింపవలెను. ఆ మార్గముననైనను మెదడును ఎత్తిపట్టునప్పుడు సన్నని తంతువులు తెగు భయము లేకపోలేదు.

కొలుచు విధమునుగూర్చి కొంత చెప్పవలసియున్నది. అమోనియా గాని, మెంథాల్ గాని ముక్కువద్ద పెట్టి, రోగి ఉలికిపడగానే వాసన తెలియుచున్నదని వ్రాసికొనుట తగదు. ఆ ఘాటును గ్రహించునది ముఖమునకు స్పర్శనిచ్చు నాడి, ఘ్రాణనాడి కాదు. పెన్సిల్వేనియాలో రిచర్డ్ డోటీ 1984లో 40 వాసనల పరీక్షను ప్రకటించెను. కాగితముపై గీకి, వాసన చూచి, నాలుగు పేర్లలో ఒకదానిని ఎన్నుకొనవలెను. గొప్ప పరీక్షయే, కాని గుమ్మడికాయ పై, రూట్‌బీరు అను పానీయము మున్నగు అమెరికా వాసనలు అందున్నవి. వానిని జన్మమున ఎరుగని పల్నాటి రైతు ఆ పరీక్షలో తప్పినచో ఆ లోపము అతని ముక్కుది కాదు. జర్మనీలో 1997లో వెలువడిన వాసనకలముల పరీక్ష, వాసన ఎంత పలుచనైనను పసికట్టుట, ఒకదానినుండి మఱొకదానిని వేఱుపఱచుట, పేరు చెప్పుట అను మూడింటిని కలిపి 48కి లెక్కించును. 16గాని అంతకు తక్కువగాని వచ్చినవానికి ఘ్రాణము లేనట్లే భావింతురు. మనకు జీలకఱ్ఱ, ఇంగువ, మల్లె, నిమ్మతొక్క, కాఫీపొడి, ఏలకులు ఉండగా, మన జనులకు తెలిసిన వాసనలతో ఒక ప్రామాణికమైన పరీక్ష తెలుగునాట ప్రతి వైద్యకళాశాలలోను వాడుకలోనికి రావలయునని నేను మనసార కోరుచున్నాను. ఈ సభలోని యువవైద్యులలో ఏ ఒక్కరైనను దీనిని తమ సిద్ధాంతవ్యాసమునకు విషయముగా గైకొందురేని, మా ఆచార్యులకు ఇంతకుమించిన స్మారకచిహ్నము అక్కఱలేదు.

శస్త్రానంతరము మొదటి వారములలో పెక్కుమందికి వాసన మందగించును. లోన పక్కులు కట్టును, పొర వాచును. గాలి పైభాగమునకు చేరదు. ఇది చాలమందిలో కొన్ని మాసములలో కుదురుకొనును. ఈ సంగతి ముందుగా చెప్పినచో రోగి భయపడడు. ఉప్పునీటితో ముక్కును కడుగుట, నియమిత కాలములలో వైద్యుడు పక్కులను మెల్లగా తీయుట, గోడయు టర్బినేటును అతుకుకొనకుండ చూచుట, ఇవి ఆపరేషనుతో సమానమైన కార్యములు. డ్రెస్డెన్‌కు చెందిన టామస్ హుమ్మెల్ 2009లో ప్రకటించిన ఘ్రాణాభ్యాసమునందు గులాబి, నిమ్మ, లవంగము, యూకలిప్టస్ అను నాలుగు వాసనలను ఉదయసాయంకాలములయందు ఏకాగ్రతతో 12 వారములు చూడవలెను. జలుబు వైరసులవలన, దెబ్బలవలన ఘ్రాణము తగ్గినవారిలో కొందఱికి దీనివలన మేలు కలిగినది. ఖర్చు లేనిది, హాని లేనిది గనుక శస్త్రచికిత్స పొందినవారికిని దీనిని చెప్పుటలో నాకు సంకోచము లేదు. తప్పక ఫలించునని మాత్రము వాగ్దానము చేయరాదు.

చివరగా శస్త్రవైద్యులగు సోదరసోదరీమణులకు నా విన్నపము. ముక్కునుండి ఏ ఆపరేషను చేయుటకైనను ముందు, రోగికి తెలిసిన భాషలో, వాసనకు రాగల అపాయమును వివరింపుడు. అతని వృత్తి యేమో అడుగుడు. ఘ్రాణమును పరీక్షించి ఆ అంకెను కేసుషీటులో వ్రాయుడు. ఆరుమాసములు గడచినపిమ్మట మరల పరీక్షించి, రెండవ అంకెను దాని ప్రక్కనే వ్రాయుడు. ఆ రెండు అంకెలను మీ విభాగములో ఏటేట లెక్కగట్టి, మంచియైనను చెడుగైనను ప్రకటింపుడు. రోగులును, వారి బంధువులును ఆపరేషను కాగితముపై సంతకము చేయుటకు ముందు ఈ విషయమును మీ డాక్టరును తప్పక అడుగుడు. అడుగుటకు మీకు పూర్ణమైన హక్కు కలదు.